టైమౌట్ పెట్టినా ఒకే లోడు రెండుసార్లు ఎక్కుతా ఉంది

ప్రశ్న: అన్నా నమస్తే, మాది దామలచెరువు పక్కన పల్లె. తోతాపురి సీజన్‌లో మండీలో తూకం చీటీలు రాసుకునేదానికి ఫ్లట్టర్‌లో (ఫోన్ యాప్‌లు చేసే టూల్‌కిట్) చిన్న యాప్ చేసినా. సిగ్నల్ లేని చోట సేవ్ నొక్కితే చక్రం తిరగతానే ఉంటాది, అందుకని 10 సెకన్ల టైమౌట్ (ఇంతసేపే చూడాలనే గడువు) పెట్టి, దాటితే 'సేవ్ కాలేదు, మళ్లీ నొక్కండి' అని చూపిస్తా ఉండా. ఇప్పుడేమో ఒకే లోడు రెండుసార్లు ఎక్కి రైతు లెక్క తప్పు పోతా ఉంది. టైమౌట్ అయినాక సర్వర్‌కి పంపిన ఆ రిక్వెస్ట్ ఆగిపోవాల కదా?
– ఒక పాఠకుడు, పాకాల మండలం

జవాబు: ఆగదు తమ్ముడూ, చిక్కంతా అక్కడే ఉంది. ఫ్లట్టర్ కోడ్ రాసే డార్ట్ భాషలో ఫ్యూచర్‌కి, అంటే జవాబు తర్వాత వచ్చే పనికి, టైమౌట్ పెడితే 10 సెకన్లు చూసి టైమౌట్ ఎక్సెప్షన్ అనే ఎర్రర్ ఇస్తుంది, అంతే, లోపల మొదలైన పని దాని పాటికది నడుస్తానే ఉంటుంది. తిరుపతి బస్టాండులో చూసి చూసి మనం ఇంటికెళ్లిపోతే బస్సు రావడం మానేయదు కదా, ఇదీ అంతే. నీ సేవ్ ఫంక్షన్‌లో ముందు సర్వర్‌కి పంపి అవేట్ (జవాబొచ్చేదాకా ఆగు అనే మాట) పెట్టి, దాని కింద ఫోన్ డేటాబేస్‌లో రాస్తా ఉన్నావనుకో, 10వ సెకనుకి ఎర్రర్ కనిపిస్తుంది, 14వ సెకనుకి సర్వర్ జవాబొస్తే ఆ కింద లైను కూడా నడిచేస్తుంది, ఈలోపల ఎదురుగా రైతు నిలబడి ఉంటే మీవాళ్లు మళ్లీ నొక్కకుండా ఎట్లుంటారు?

సర్వర్‌కి రిక్వెస్టులు పంపే డయో ప్యాకేజీలో క్యాన్సిల్ టోకెన్ ఉంది, దాంతో ఫోన్ వైపు నుంచి రిక్వెస్ట్‌ని నిజంగానే ఆపొచ్చు, కానీ నీ సమస్య దాంతో తీరదు. రిక్వెస్ట్ అసలు పోలేదా, లేక సర్వర్‌లో ఎక్కేసి జవాబు మాత్రం దారిలో పోయిందా, ఈ రెండూ ఫోన్‌కి ఒకే రకంగా కనిపిస్తాయి. అందుకే 'సేవ్ కాలేదు' అనే మాట ముందు తీసెయ్, అది నీకు తెలియని సంగతి, 'సర్వర్ నుంచి ఇంకా జవాబు రాలేదు' అని పెట్టు.

అసలు మందు ఏమంటే, ప్రతి చీటీకి ఫోన్‌లోనే ఒక యూయూఐడీ (ఇంకోదానితో కలవని గుర్తింపు నంబరు) తయారు చెయ్యి. అది కొత్త చీటీ తెరిచినప్పుడే పుట్టాల, సేవ్ బటన్ నొక్కినప్పుడు కాదు, నొక్కినప్పుడు పుట్టిస్తే రెండోసారికి కొత్త నంబరు వచ్చి కథ మళ్లీ మొదటికొస్తుంది. సర్వర్ టేబుల్‌లో ఆ నంబరు ఉండే కాలమ్‌ని యూనిక్ (ఒకే నంబరు రెండుసార్లు ఎక్కకుండా) చేసి, అదే నంబరు మళ్లీ వస్తే కొత్త వరస రాయకుండా పాత జవాబే తిరిగి పంపించు. అప్పుడు ఎన్నిసార్లు నొక్కినా లోడు ఒకటే. ఇది రైతు డబ్బు లెక్క, దీన్ని వాయిదా వెయ్యొద్దు.

సరిచూసేటప్పుడు ఏరోప్లేన్ మోడ్ పెట్టి చూస్తే చాలదు, అందులో రిక్వెస్ట్ అసలు బయటికే పోదు. సర్వర్‌లో వరస రాసినాక, జవాబు పంపే ముందు 30 సెకన్లు ఆగేటట్టు పెట్టి రెండుసార్లు నొక్కి చూడు, టేబుల్‌లో ఒక్క వరసే ఉండాల.

ప్రశ్న: కోట్లిన్ భాషలో, పనికి గడువు పెట్టే విత్‌టైమౌట్‌కి 2 సెకన్లు ఇచ్చినా, లోపల సర్వర్‌కి రిక్వెస్ట్ పంపే ఓకేహెచ్‌టీటీపీ లైబ్రరీ ఎగ్జిక్యూట్ ఉంది. చానాసేపటికి గానీ ఎర్రర్ రావడం లేదు, ఎందుకు సార్?
– ఒక విద్యార్థిని, తిరుపతి

జవాబు: విత్‌టైమౌట్ క్యాన్సిల్ కబురు పంపుతుందమ్మా, లోపలి కోడ్ దాన్ని వినాల. ఎగ్జిక్యూట్ అయితే దాన్ని వినకుండా థ్రెడ్‌ని (కోడ్ నడిచే దారిని) పట్టుకొని కూర్చుంటుంది, అది వదిలేదాకా ఎర్రర్ బయటికి రాదు. ఓకేహెచ్‌టీటీపీలో కనెక్ట్, రీడ్, రైట్ ఒక్కోదానికి 10 సెకన్ల గడువు ముందే ఉంటుంది, కానీ రీడ్ అంటే డేటా రాకుండా మధ్యలో గ్యాప్ ఎంత అని మాత్రమే, కొంచెం కొంచెంగా వస్తా ఉంటే నిమిషాలైనా సాగుతుంది. మొత్తం కాల్‌కి పరిమితి పెట్టేది కాల్ టైమౌట్, అది మనం పెట్టకపోతే ఉండదు. దాన్ని 2 సెకన్లకి పెట్టి చూడు.