సొంత సంస్థ నడుపుతూ కొత్తగా ఆలోచించడం ఎలా?

ప్రశ్న: మా అమ్మాయి డిజైన్ కోర్సు పూర్తిచేసి, రెండేళ్ల క్రితం సొంతంగా ప్యాకేజింగ్ డిజైన్ సంస్థ ప్రారంభించింది. నలుగురు పనిచేస్తున్నారు, ఆర్డర్లూ బాగానే వస్తున్నాయి. అయితే రోజంతా బిల్లులు, ఫోన్లు, సిబ్బంది సందేహాలతోనే సరిపోతోందని, కొత్త ఆలోచన ఒక్కటీ రావడం లేదని, ఇంతకన్నా ఉద్యోగమే నయమని అంటోంది. తనకు ఏమని చెప్పాలి? – ఒక తండ్రి

జవాబు: మీ అమ్మాయిలో ప్రతిభ తగ్గిపోయిందని మీరు గానీ, ఆమె గానీ అనుకోవద్దని ముందుగా మనవి చేస్తున్నాను. డిజైనర్‌గా ఉన్నప్పుడు ఒకే విషయం మీద గంటల తరబడి మనసు నిలపడమే ఆమె పని. యజమాని అయ్యాక పది నిమిషాలకొక నిర్ణయం చెప్పడం ఆమె పనిగా మారింది. ఒక పనిని మధ్యలో వదిలి మరో పనికి మళ్లినప్పుడు మన ధ్యాస కొంత పాత పని దగ్గరే ఉండిపోతుందని సోఫీ లెరాయ్ 2009లో ప్రచురించిన పరిశోధనలో చూపారు. కాబట్టి ఫోన్లో మాట్లాడింది రెండు నిమిషాలే అయినా, దానివల్ల జరిగే నష్టం రెండు నిమిషాలతో ఆగదు.

రోజూ ఒక గంట ఆలోచనకు కేటాయించుకొమ్మని చాలామంది సలహా ఇస్తారు. మంచి సలహానే, కానీ అది రెండో మెట్టు. నిర్ణయాలన్నీ తన దగ్గరికే వస్తున్నంతకాలం, తలుపు వేసుకుని కూర్చున్నా ఆ గంట ఆమెకు దక్కదు. అందుకే మొదటి వారం వేరే ప్రయత్నమేదీ చేయకుండా, ఎవరు ఏ నిర్ణయం కోసం తన దగ్గరికి వచ్చారో ఒక నోటుపుస్తకంలో రాసుకొమ్మనండి. వారాంతంలో చూస్తే ఒకే రకం ప్రశ్నలు పదేపదే కనిపిస్తాయి. ఖాతాదారు మూడోసారి మార్పులు అడిగితే అదనంగా రుసుము తీసుకోవాలా, ప్రెస్ నుంచి వచ్చిన అట్టపెట్టె నమూనాలో రంగు కొద్దిగా తేడాగా ఉంటే తీసుకోవాలా, తిప్పి పంపాలా వంటివి. ఇలాంటి ప్రతి ప్రశ్నకూ ఒక నియమం రాసిపెట్టవచ్చు. ఉదాహరణకు, వచ్చిన పెట్టెను ఖాతాదారు సంతకం చేసిన నమూనా పక్కన, అదే వెలుతురులో పెట్టి చూడాలి, తేడా కంటికి తెలిస్తే తిప్పి పంపాలి, ఆ అధికారం పని చూసుకుంటున్న ఉద్యోగిదే. మొదట్లో వాళ్లు ఒకటి రెండు నిర్ణయాలు ఆమె ఇష్టానికి భిన్నంగా తీసుకుంటారు. అంతమాత్రాన అధికారాన్ని వెనక్కి తీసుకోకుండా నియమాన్ని సరిదిద్దాలి. కొత్త యజమానులకు అన్నిటికంటే కష్టమైన భాగం ఇదేనని నా అభిప్రాయం.

అలా తీరిక దొరికాక, అందులోకి ఒక ప్రశ్నతో ప్రవేశించాలి. పని వేళల్లో 15 శాతం వరకు తమకు నచ్చిన ఆలోచనలపై వెచ్చించే వెసులుబాటును ఉద్యోగులకు ఇచ్చిన సంస్థగా 3ఎం పేరు తరచూ వినిపిస్తుంది. అంటించి మళ్లీ తీసేయగల చిన్న కాగితాలైన పోస్ట్‌-ఇట్ నోట్స్ కథను ఆ స్వేచ్ఛకు నిదర్శనంగా చెబుతారు. కథను పూర్తిగా గమనిస్తే మరో విషయం కూడా తెలుస్తుంది. అంటుకుని సులువుగా ఊడివచ్చే జిగురును ఆ సంస్థ శాస్త్రవేత్త స్పెన్సర్ సిల్వర్ 1968లోనే తయారుచేశారు, కానీ దాన్ని దేనికి వాడాలో ఏళ్ల తరబడి తేలలేదు. చర్చిలో పాటల పుస్తకంలో గుర్తుగా పెట్టుకున్న కాగితాలు జారిపోతున్నాయన్న ఇబ్బంది అదే సంస్థలో పనిచేసే ఆర్ట్ ఫ్రైకి ఉండబట్టి, 1974లో ఆ జిగురు ఆయనకు అక్కరకొచ్చింది. 1980లో ఆ నోట్స్ అమెరికా అంతటా అమ్మకానికి వచ్చాయి. మీ అమ్మాయి కూడా వారానికి ఒక్క ప్రశ్న ఎంచుకోవాలి. ‘కొత్తగా ఏం చేయాలి’ అన్నది పట్టు దొరకని ప్రశ్న. ‘జిగురు, టేపు లేకుండా ఈ పెట్టె మూత గట్టిగా నిలవాలంటే మడత ఎక్కడ రావాలి’ అన్నదానికి మనసు పనిచేయగలదు.

ఆ ప్రశ్నపై ఒక పూట గట్టిగా శ్రమించి, జవాబు దొరకకపోతే పక్కన పెట్టేయడంలో తప్పులేదు. సృజనలో సన్నాహం, లోలోపల పరిపక్వత, స్ఫురణ, పరిశీలన అనే నాలుగు దశలుంటాయని గ్రాహమ్ వాలస్ 1926లోనే వివరించారు. ప్రశ్నను పక్కన పెట్టిన సమయం అందులో రెండో దశ. ఈ విరామంలో ఆమె నడకకు వెళ్లడం మంచిది. కూర్చున్నప్పటికంటే నడుస్తున్నప్పుడు కొత్త ఆలోచనలు సగటున 60 శాతం ఎక్కువగా వచ్చాయని స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2014లో ప్రకటించారు. అయితే ఒకే సరైన జవాబు తేల్చాల్సిన పరీక్షల్లో నడక ఇలా తోడ్పడలేదు. కాబట్టి ఆలోచనలు పోగుచేసుకోవడానికి నడక, వాటిలో ఒకటి ఎంచుకోవడానికి కుర్చీ, బల్ల మేలు.

సిబ్బందిని కూర్చోబెట్టి ఆలోచనలు అడిగే అలవాటు ఆమెకు ఉంటే చిన్న మార్పు చేయమనండి. నలుగురూ ముందు విడివిడిగా రాసుకోవాలి, ఆ తర్వాతే చర్చించాలి. కలిసి కూర్చున్న నలుగురికంటే, విడిగా ఆలోచించిన నలుగురి జాబితాలను కలిపితే ఎక్కువ ఆలోచనలు వచ్చాయని యేల్ విశ్వవిద్యాలయంలో జరిగిన ప్రయోగం 1958లోనే తేల్చింది.

రావలసిన బాకీలు ఆగిపోయి జీతాలకు వెతుక్కునే పరిస్థితి ఉంటే మాత్రం పైవేవీ పనిచేయవు, ముందు ఆ లెక్క చూడాలి.

తండ్రిగా మీరు చేయగలిగినదీ ఒకటుంది. ఆ గంటలో ఏం సాధించావని అడగకండి, చాలా రోజులు చూపడానికి ఏమీ ఉండదు. ఈ వారం ఏ ప్రశ్న మీద ఉన్నావని అడగండి.

ఉద్యోగం విషయాన్ని ఆరు నెలలు పక్కన పెట్టమనండి. ఉద్యోగంలో ఈ తలనొప్పులు తగ్గవచ్చు, కానీ ఏ పని ఒప్పుకోవాలో, ఏది వదులుకోవాలో నిర్ణయించే అధికారం పోతుంది. దాన్ని ఆమె ఇంకా సరిగా వాడుకోనే లేదు. ఆ తర్వాత కూడా గీసే పనిలోనే ఆనందం ఉందని, నడిపే పని భారమేనని తేలితే, రోజువారీ వ్యవహారాలకు ఒక మేనేజరును పెట్టుకోవడమో, మంచి స్టూడియోలో డిజైనర్‌గా చేరడమో నిశ్చింతగా ఎంచుకోవచ్చు.