టైల్స్ వేయకముందే వాషింగ్ మిషన్ పైపుల సంగతి

చిరంజీవి మేనల్లునికి, హనుమకొండ నుంచి మామయ్య ఆశీస్సులు.

పై అంతస్తులో వాష్ ఏరియాకు టైల్స్ వేయిస్తున్నావని మీ అమ్మ చెప్పింది. టైల్స్ పడ్డాక పైపు జరపాలంటే గోడ పగలగొట్టాల్సిందే గనుక, మిషన్ ఇంకా కొనకపోయినా ఇప్పుడే రాస్తున్నాను. నల్లా ఎక్కడ ఉండాలో అందరూ ఆలోచిస్తారు; నీళ్లు పోయే దారిని మాత్రం ప్లంబర్‌కు వదిలేస్తారు. ఇబ్బందులు ఎక్కువగా వచ్చేది అక్కడే.

ఫ్రంట్ లోడ్ (ముందు తలుపు ఉండే) మిషన్‌లో నీళ్లను బయటికి తోసే చిన్న పంపు ఉంటుంది. దాని డ్రెయిన్ పైపు కొస నేల నుంచి సుమారు 60 నుంచి 100 సెంటీమీటర్ల ఎత్తున ఉండాలి. కచ్చితమైన కొలత కంపెనీ పుస్తకంలో ఇస్తారు. ఆ కొసను నేలమీది జాలీలో పడేస్తే, మిషన్ ఒకవైపు నీళ్లు నింపుకుంటుండగానే మరోవైపు అవి వాటంతట అవే జారిపోతాయి, ఉతుకు మొదలే కాదు. టాప్ లోడ్ (పైన మూత ఉండే) మిషన్లలో చాలావాటికి పంపు ఉండదు గనుక వాటి పైపు నేలను అంటి ఉండాలి. మధ్యలో గట్టు ఎక్కించినా నీళ్లు టబ్బులోనే నిలిచిపోతాయి. గోడలో నిలువు పైపు, నేలలో నహానీ ట్రాప్ (నేల మీది నీళ్లు పోయే జాలీ గుంట) రెండూ పెట్టించు, రేపు ఏ మిషన్ తెచ్చినా సరిపోతుంది.

నిలువు పైపు రెండంగుళాలదైతే నిశ్చింత. మిషన్ పైపును అందులోకి వదులుగా దింపాలి గానీ చుట్టూ సిమెంటుతో మూసేయకూడదు. గాలి ఆడకపోతే ఆ జారిపోయే గొడవే మళ్లీ వస్తుంది. నిలువు పైపు కింద కూడా ట్రాప్ తప్పనిసరి, ఎందుకంటే అందులో నిలిచే రెండంగుళాల నీళ్లే మోరీ వాసనను, బొద్దింకలను ఆపుతాయి. అడ్డంగా వెళ్లే పైపుకు నాలుగడుగులకు కనీసం అంగుళం వాటం ఉండాలి. మేస్త్రీ నోటిమాటతో సరిపెట్టుకోకుండా లెవల్ పెట్టించి నీ కళ్లతో చూసుకో. వాన నీటి పైపులో మాత్రం ఈ సబ్బు నీళ్లు కలపనివ్వకు.

ఇక వచ్చే నీళ్లు. పది మీటర్ల ఎత్తు నుంచి దిగితేనే నీటికి దాదాపు ఒక బార్ పీడనం వస్తుంది. మీ ట్యాంకు ఆ గది నెత్తినే ఉంది గనుక 0.3 బార్ కూడా రావడం కష్టం. చాలా ఫ్రంట్ లోడ్ మిషన్లకు అది చాలదు. ట్యాంకును దిమ్మె కట్టి ఎత్తించు, లేదంటే చిన్న ప్రెషర్ పంపు పెట్టించు. బోరు నీళ్లే వాడుతున్నారు కాబట్టి మరొక పని కూడా ఉంది. నల్లా కట్టేసి, మిషన్ వెనుక ఇన్లెట్ పైపు మర విప్పితే లోపల వేలి కొసంత ప్లాస్టిక్ జాలీ కనిపిస్తుంది. ఇసుక రేణువులు, తెల్లటి సున్నపు పొర పేరుకునేది దాని మీదే. పట్టకారుతో మెల్లగా లాగి పాత టూత్ బ్రష్‌తో రుద్ది పెడితే నీళ్ల ధార మళ్లీ సాఫీగా వస్తుంది.

కరెంటుకు ఎర్తింగ్ ఉన్న 16 ఆంపియర్ల సాకెట్ కావాలి, అది నల్లాకు సరిగ్గా కింద ఉండకూడదు. మిషన్‌ను కింది వాటాలోనే పెట్టాలని మీ నాన్న పట్టుబడితే అడుగు ఎత్తు దిమ్మె కట్టించు. 2020 ఆగస్టు వానలకు మన పల్లపు కాలనీల ఇళ్లలోకి నీళ్లు ఎలా చేరాయో మీరంతా చూశారు.

టైల్స్ మేస్త్రీ రాకముందు రోజు నిలువు పైపులో రెండు బకెట్ల నీళ్లు ఆపకుండా పోయించి, కింద ఛాంబర్ (మోరీ పైపులు కలిసే గుంట) దగ్గర నువ్వే నిలబడు. నీళ్లు పైకి ఎగదన్నినా, ఛాంబర్‌లోకి ఆలస్యంగా చేరినా ఆ పైపును అప్పుడే విప్పించు.

ఇట్లు,
మీ మామయ్య