థోల్‌కీ మన తాళుకీ చుట్టరికం ఉందా?

సందేహం: స్కాట్లండ్ కవి రాబర్ట్ బర్న్స్ పద్యం ఒకదానిలో 'థోల్' అనే పాత మాండలిక పదం కనిపించింది. ఓర్చుకోవడం అని అర్థం ఇచ్చారు. మన 'తాళు' కూడా అదే కదా, రెండూ ఒకటేనా?

సమాధానం: కావు. రెండు మాటలు ఒకేలా వినిపిస్తే చాలు, వెంటనే చుట్టరికం కలిపేయడం ఈమధ్య మరీ ఎక్కువైంది, దయచేసి ఆ దారిన పోకండి. తాళు ద్రావిడపదం. కన్నడంలోనూ ఉంది, ఓర్పుని వాళ్ళు తాళ్మె అంటారు, మనకి తాళిమి. థోల్ పాత ఇంగ్లీషు 'థోలియన్' నుంచి వచ్చింది. దానికి మన దేశంలో చుట్టం కావాలంటే సంస్కృతంలోని 'తుల'ని చూడండి. ఎత్తడం, మోయడం అనే అర్థమున్న ఒకే పాత ధాతువు నుంచి ఇటు త్రాసుకి తుల, అటు లాటిన్ మీదుగా టాలరేట్ వచ్చాయి. ఇంగ్లీషు, జర్మన్ లాంటి జర్మానిక్ భాషల్లో తకారం మారి థకారమైంది, 'త్రి'కి ఇంగ్లీషులో థ్రీ ఉన్నట్టే.

ఇక బర్న్స్. 1785 నవంబరులో పొలం దున్నుతుంటే నాగలి తగిలి చెదిరిన ఎలుక గూడు మీద ఆయన రాసిన పద్యం అది. ఎంత పకడ్బందీగా వేసుకున్న ఎత్తులైనా తారుమారవుతాయన్న పాదాలే అందరూ వల్లిస్తారు గానీ, నా మనసు మాత్రం అంతకుముందున్న చరణం దగ్గరే ఆగిపోతుంది. ఆకులూ కొయ్యకాళ్ళూ కొరికి కొరికి పేర్చుకున్న గూడు పోయి, ఇల్లూ వాకిలీ లేకుండా చలికాలపు మంచుజల్లుని ఆ చిన్నప్రాణి 'థోల్' చేయాలి. ఎదిరించడం లేదు, క్షమించడం లేదు, మీద పడ్డదాన్ని మోయడమే ఉంది. ధాతువులోని ఆ బరువు టాలరేట్‌లో ఎప్పుడో కరిగిపోయింది, పల్లె నోట నిలిచింది. ఉత్తర ఐర్లండ్ కవి సీమస్ హీనీ పాత ఇంగ్లీషు కావ్యం బెయొవుల్ఫ్ అనువాదానికి కూర్చున్నప్పుడు, థోలియన్ తమ ఇంట్లో పెద్దవాళ్ళు వాడిన మాటేనని గుర్తుపట్టి ఎంతో సంతోషించారు.

స్కాట్లండ్ కోర్టుల్లో, ఒకసారి విచారణ ముగిసినవాడిని అదే నేరానికి మళ్ళీ విచారించకూడదని చెప్పడానికీ ఈ క్రియ వాడతారు. పడవ తెడ్డుకి ఆనుగా ఉండే 'థోల్' మేకు వేరే పదం.

మరి తెలుగులో ఏమనాలి? ఇప్పుడు ఎండైనా, ధరలైనా, టెన్షనైనా అన్నిటికీ 'తట్టుకోవడం' ఒక్కటే వాడేస్తున్నారు. అందులో ఎదురు నిలవడం ఉంది, ఇక్కడ పనికిరాదు. 'ఓర్చుకోవడం' నయం. చుట్టరికం లేకపోయినా అర్థానికి మీ 'తాళు' ఇంకా దగ్గరే, కాకపోతే దాన్ని మనం 'తాళలేను' దగ్గరే ఆపేశాం, 'ఎలుక చలిని తాళాలి' అంటే ఈనాటి చెవికి ఎక్కుతుందో లేదో. అనువాదంలో వాడి చూడండి, నేనైతే కాదనను.