ఎనిమిదో తరగతిలోనే దారి తేల్చేయమని అడగకండి

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా నరసన్నపేట దగ్గర పల్లెటూరు. మా అమ్మాయి జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ఎనిమిదో తరగతి చదువుతోంది. ఈమధ్య బడిలో అభిరుచి పరీక్ష పెట్టి, సేవారంగం, బ్యూటీషియన్ వంటి పనులు తనకు నప్పుతాయని కాగితం ఇచ్చారు. బాబు ఐదో తరగతి, వాణ్ణి ఐఐటీ ఫౌండేషన్ ఉన్న ప్రైవేటు బడిలో వేశాం. ప్రభుత్వమే ఎనిమిదిలో ప్రతి విద్యార్థికీ తప్పనిసరిగా ఒక దారి తేల్చి ఆ చదువే చెప్పిస్తే మాలాంటి వారికి ఈ అయోమయం ఉండదు కదా? అమ్మాయికి వృత్తి విద్య మంచిదా, మామూలు ఇంటర్ మంచిదా? పోల్చి చెప్పగలరు.

జవాబు: ఇలాంటి ఉత్తరాలు నాకు తరచుగా వస్తుంటాయి. అడిగేది పోలికే అయినా, వాటి అడుగున ఉండే భయం ఒక్కటే: ఇప్పుడు పిల్లను తప్పుదారిలో పెడితే మళ్లీ వెనక్కి తెచ్చుకునే స్తోమత మనకు లేదు. ఆ భయం న్యాయమైనదే. కానీ అందుకు మీరు కోరుతున్న మందు రోగాన్ని పెంచేది. ప్రభుత్వ బడిలో చదివే పిల్లకు ఉన్న ఆస్తి ఏదైనా ఉందంటే, అది పదహారేళ్లకో పద్దెనిమిదేళ్లకో మనసు మార్చుకుని మరో వైపు తిరిగే వీలు. తప్పనిసరి విభజన మొదట తీసేసేది దాన్నే. పైగా కాగితం మీద నిబంధన అందరికీ అని ఉన్నా, ప్రైవేటు బడుల్లో అది గట్టిగా అమలు కాకపోతే, ఫీజు కట్టగలిగిన వారు దాని నుంచి తప్పుకుంటారు, కట్టలేని వారి పిల్లలే ఆ గీత లోపల మిగిలిపోతారు.

ఆ కాగితం సంగతి చూద్దాం. ఇలాంటి ప్రశ్నపత్రాల్లో ‘పాడైన ఫ్యాను విప్పి ఎందుకు తిరగడం లేదో చూడడం మీకు ఇష్టమా?’ వంటి ప్రశ్నలుంటాయి. మన ఇళ్లలో ఆడపిల్ల స్క్రూడ్రైవర్ ముట్టుకుంటే ‘నీకెందుకమ్మా, నాన్న వచ్చి చూస్తారు, పక్కన పెట్టు’ అంటాం. ఆ పిల్ల ‘ఇష్టం లేదు’ దగ్గర టిక్కు పెడుతుంది. ‘ఇంటికి వచ్చినవారికి మర్యాదలు చేయడం ఇష్టమా?’ అన్నచోట, రోజూ చేస్తున్న పనే కాబట్టి, ‘చాలా ఇష్టం’ అని రాస్తుంది. చివర కూడికలు వేసి, యంత్రాలపై ఆసక్తి తక్కువ, సేవారంగంపై ఎక్కువ అని తేలుస్తారు. ఆ ఇంట్లో ఆమెకు ఇన్నాళ్లూ ఏ పనులు అప్పగించారో ఆ కాగితం చక్కగానే చెప్పింది, ఆమె ఏం చేయగలదో చెప్పలేదు. పలాసలో జీడిపప్పు ఒలిచే ఇళ్ల పిల్లలకు వేళ్ల చురుకు ఎక్కువగా ఉండవచ్చు. అంతమాత్రాన వారు చేతిపనికే పుట్టారని ఎవరైనా తీర్మానిస్తే మనం ఊరుకుంటామా?

జాతీయ విద్యా పరిశోధన, శిక్షణ మండలి (ఎన్‌సీఈఆర్‌టీ), సీబీఎస్ఈ కలిసి తొమ్మిది, పది తరగతుల వారి కోసం ‘తమన్నా’ అనే సామర్థ్య పరీక్షను తెచ్చాయి. భాష, అంకెలు, యాంత్రిక తర్కం మొదలైన ఏడు అంశాలుండే ఆ పరీక్ష రాయడం ఐచ్ఛికం, అందులో పాస్, ఫెయిల్ అన్నవి లేవు. ఆ ఫలితం చూపించి ఫలానా సబ్జెక్టే తీసుకోవాలని పిల్లలపై రుద్దకూడదని తెచ్చినవారే చెప్పారు. మీ అమ్మాయి అంతకంటే చిన్న తరగతిలో ఉంది.

చిన్నతనంలోనే పిల్లలను విడదీసే పద్ధతికి పేరుపడ్డ దేశం జర్మనీ. అక్కడ చాలా రాష్ట్రాల్లో నాలుగో తరగతి ముగిశాక, అంటే పదేళ్ల వయసుకే, ఎవరు ఏ రకం బడికి వెళ్లాలో నిర్ణయిస్తారు. 2000లో పదిహేనేళ్ల పిల్లలకు జరిగిన అంతర్జాతీయ ‘పిసా’ పరీక్షల ఫలితాలు వచ్చినప్పుడు, పిల్లల మార్కులు తల్లిదండ్రుల అంతస్తుతో మరీ గట్టిగా ముడిపడిన దేశాల్లో జర్మనీ ఒకటని బయటపడి అక్కడ పెద్ద దుమారమే రేగింది. ఫిన్లండ్ అంతకు చాలా ముందే, 1972 నుంచి 1977 దాకా దశలవారీగా, ఆ తరహా విభజనను ఎత్తివేసి అందరికీ తొమ్మిదేళ్ల ఉమ్మడి బడి పెట్టుకుంది. అంత దూరం వెళ్లనక్కర్లేదు. 1953లో, మన ప్రాంతమూ ఇంకా కలిసి ఉన్న మద్రాసు రాష్ట్రంలో, రాజగోపాలాచారి ప్రభుత్వం, పిల్లలు సగం పూట బడికి వచ్చి మిగతా సగం ఇంటి వృత్తి నేర్చుకునే పథకం తెచ్చింది. అది కులవృత్తి చదువేనని జనం తిరగబడ్డారు, మరుసటి ఏడాది కామరాజ్ ముఖ్యమంత్రి కాగానే దాన్ని రద్దు చేశారు. ఆ పథకమే స్థిరపడి ఉంటే పొందూరు నేతగాడి మనవడు ఇవాళ ఏ చదువు చదువుతుండేవాడో మీరే ఊహించుకోవచ్చు.

వృత్తి విద్య చిన్నదని నేను అనడం లేదు. తొమ్మిది, పది తరగతుల్లో మిగతా సబ్జెక్టులతో పాటు ఒక వృత్తి కోర్సు నేర్చుకోవడం మంచిదే, ఆసక్తి ఉంటే చేర్పించండి. దాని పేరుతో లెక్కలూ సైన్సూ తగ్గించి దారి మూసేయడం మాత్రం వేరే వ్యవహారం. విజయనగరం చుట్టుపక్కల జూట్ మిల్లులు వరసగా మూతపడ్డప్పుడు, ఆ ఒక్క పని తప్ప మరొకటి తెలియని కార్మికుల ఇళ్లు ఎలా చితికిపోయాయో ఈ జిల్లాల వారికి చెప్పనవసరం లేదు.

ఇక మీ బాబు విషయం. మీరు అడగలేదు, అయినా చెప్పక తప్పదు. ఐదో తరగతి పిల్లవాడికి ఐఐటీ ఫౌండేషన్ ఏమిటండీ? ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది. ఫౌండేషన్ పేరుతో కొన్నిచోట్ల జరిగేది పై తరగతి లెక్కలను అర్థం కాకుండానే ముందుగా బట్టీ పట్టించడం. అలా వచ్చిన పిల్లలు తొమ్మిదికి చేరేసరికి భిన్నాల దగ్గర తడబడడం, లెక్కలంటే విసుగెత్తి ఉండడం నేను చూస్తూనే ఉన్నాను. బాగా చెప్పే బడులు లేవని కాదు, కానీ పదేళ్ల వాడి మీద ఐఐటీ ముద్ర వేయడమూ, పదమూడేళ్ల పిల్ల మీద బ్యూటీషియన్ ముద్ర వేయడమూ ఒకే తప్పు. ఈ మధ్య వేలిముద్రలు తీసి తెలివితేటలు చెబుతామని వేలకు వేలు వసూలు చేసేవారూ తయారయ్యారు. దానికి శాస్త్రీయ ఆధారం లేదు, ఆ డబ్బు మీ దగ్గరే ఉంచుకోండి.

మరొక మాట కటువుగా అనిపించినా సరే. కొడుక్కి ఫీజు కట్టే దారి, కూతురికి ప్రభుత్వం తేల్చే దారి అని ప్రభుత్వం కంటే ముందు మీరే విభజించేశారు. అమ్మాయి ఏమనుకుంటోందో మీ ఉత్తరంలో ఒక్క వాక్యం కూడా లేదు.

పోలిక అడిగారు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. పది తర్వాత లెక్కలున్న ఎంపీసీ గ్రూపుతో ఇంటర్ చదివినా, పాలిసెట్ ప్రవేశ పరీక్ష రాసి మూడేళ్ల పాలిటెక్నిక్ డిప్లొమా చేసినా ఇంజనీరింగ్‌కు దారి ఉంది, డిప్లొమా వారు ఈసెట్ అనే ప్రవేశ పరీక్ష ద్వారా నేరుగా రెండో సంవత్సరంలో చేరతారు. ఒకేషనల్ (వృత్తి విద్యా) ఇంటర్ చదివినవారికి, పై చదువులకు కావాల్సిన సబ్జెక్టుల లోటు పూడ్చే బ్రిడ్జి కోర్సు ఉంది. ఇంట్లో త్వరగా సంపాదన అవసరమైతే డిప్లొమా మేలు, లేకపోతే ఆమెకు నచ్చిన గ్రూపుతో ఇంటర్ మేలు. ఏది ఎంచుకున్నా వెనక్కి రాలేని దారి కాదు కనుక నిశ్చింతగా ఉండండి. ఆ నిర్ణయానికి ఇంకా రెండేళ్లకు పైగా సమయం ఉంది.

ఈలోగా ఆమెను ఆ బడిలోనే ఉంచండి. ఎనిమిదో తరగతిలో రాసే ఎన్ఎంఎంఎస్ అనే కేంద్ర ప్రభుత్వ ప్రతిభా ఉపకార వేతన పరీక్షలో ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏటా 12,000 రూపాయల ఉపకార వేతనం వస్తుంది. అది ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల పిల్లలకే, కుటుంబ ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు మించకూడదు. పది తర్వాత నేరుగా చేర్చుకునే మన రాష్ట్ర ట్రిపుల్ ఐటీల (ఆర్జీయూకేటీ) ఇంజనీరింగ్ ప్రవేశాలు పదో తరగతి మార్కులపైనే జరుగుతాయి, హాస్టల్ లేని ప్రభుత్వ, జిల్లా పరిషత్ బడుల్లో చదివినవారికి 4 శాతం మార్కులు అదనంగా కలుపుతారు. మన జిల్లాలోనే, ఎచ్చెర్ల దగ్గర ఆ క్యాంపస్ ఉంది.

ఆ అభిరుచి కాగితం ఆధారంగా తొమ్మిదిలో ఏ కోర్సూ తప్పనిసరి చేయవద్దని ప్రధానోపాధ్యాయులకు ఒక వినతి రాసివ్వండి, బడి యాజమాన్య కమిటీలోని తల్లిదండ్రులతోనూ మాట్లాడండి. అదే రోజు లెక్కల మాస్టారిని కలిసి, అమ్మాయి ఏ పాఠం దగ్గర ఆగిపోతోందో అడిగి తెలుసుకోండి. అలా వెళ్లేటప్పుడు అమ్మాయిని వెంట తీసుకెళ్లండి.