థ్రాటిల్ బాడీ మార్చే ముందు ఒకసారి శుభ్రం చేయించండి

సిగ్నల్ దగ్గర ఏసీ వేస్తే బండి ఆగిపోతోందని, మెకానిక్ థ్రాటిల్ బాడీ (ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని ఒక ప్లేటుతో అదుపు చేసే భాగం) మొత్తం మార్చాలంటున్నాడని రాశారు. తొందరపడకండి. ఇంజిన్ నుంచి వచ్చే నూనె ఆవిరి ఆ ప్లేటు అంచున మసిలా పేరుకుని, ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ నొక్కకుండా ఇంజిన్ నడుస్తున్నప్పుడు, గాలి వెళ్లే సన్నని సందును మూసేస్తుంది. చాలాసార్లు రోగం ఇదే. థ్రాటిల్ బాడీ క్లీనర్‌ను మెత్తటి గుడ్డ మీద కొట్టి తుడిపించండి. ఎలక్ట్రానిక్ థ్రాటిల్ (ప్లేటును మోటారు తిప్పే రకం) అయితే ఇగ్నిషన్ ఆన్‌లో ఉండగా ప్లేటు మీద వేలు పెట్టనివ్వద్దు, ప్లేటు కదిలితే వేలు నలిగిపోతుంది. తర్వాత స్కానర్‌తో ఐడిల్ రీలెర్న్ (ఐడిల్‌లో ప్లేటు ఎంత తెరవాలో బండి కంప్యూటర్‌కు మళ్లీ నేర్పడం) చేయించాలి. మా మెకానిక్ ఇది మరిచిపోయాడు; రెండు రోజులు ఐడిల్ వేగం 1500 ఆర్‌పీఎం దగ్గరే ఉండి ఒకటే టెన్షన్!

శుభ్రం చేశాక కూడా పీ2135 కోడ్ (థ్రాటిల్ స్థానం చెప్పే రెండు సెన్సర్ల రీడింగులు ఒకదానితో ఒకటి సరిపోవడం లేదని స్కానర్ చూపే తప్పు) వస్తుంటే ముందు వైరింగ్, కనెక్టర్ చూపించండి. అవి బాగుంటే అప్పుడు మార్చక తప్పదు.