పేట్రియాట్ గార్డ్ రైడర్స్ లాంటి గ్రూప్ పేరు ఫౌండర్‌దా, సంస్థదా?

ఫౌండర్ ట్రేడ్‌మార్క్ తన పేరు మీద అప్లై చేసుకుంటే గ్రూప్ పేరు ఆయనదైపోతుందా అని అడిగారు కదా, అంత ఈజీగా అవ్వదండీ. 2005లో అమెరికాలోని కాన్సాస్‌లో మొదలైన పేట్రియాట్ గార్డ్ రైడర్స్ అనే ఈ బైకర్ల గ్రూప్‌నే తీసుకోండి, సైనికుల అంత్యక్రియల దగ్గరికి వచ్చే నిరసనకారులు చనిపోయిన సైనికుడి అమ్మానాన్నలకి కనపడకుండా బైకర్లు పెద్ద పెద్ద జెండాలు పట్టుకుని వరసగా నిలబడ్డారు, ఆ పేరుకి విలువ తెచ్చింది వాళ్ళే. అమెరికా చట్టం కూడా పేరు ఎవరికి తట్టిందని చూడదు, ఎవరు వాడుతున్నారు, ఎవరి కంట్రోల్లో ఉంది అనే చూస్తుంది, ఓనర్ కాని మనిషి వేసిన అప్లికేషన్ అసలు చెల్లదు. అయినా అలాంటి అప్లికేషన్ ట్రేడ్‌మార్క్ ఆఫీసు గెజిట్‌లో వచ్చిందంటే, 30 రోజుల్లోపు సంస్థ అభ్యంతరం పెట్టొచ్చు, లేదా టైమ్ పొడిగించమని అడగొచ్చు. పేరు వాడింది ఎవరో చూపించాలి కాబట్టి, ప్యాచ్‌లు (జాకెట్ మీద కుట్టుకునే గుర్తులు), టీషర్టులు ఎవరి పేరుతో అమ్మారో ఆ కాగితాలు మాత్రం జాగ్రత్తగా దాచుకోవాలి.