స్కాలర్‌లో 14, స్కోపస్‌లో 8: ఏ హెచ్-ఇండెక్స్ రాయాలి?

ప్రమోషన్ అప్లికేషన్‌లో హెచ్-ఇండెక్స్ కింద గూగుల్ స్కాలర్ చూపించే 14 వేయాలా, స్కోపస్ అనే పరిశోధన పత్రాల డేటాబేస్ చూపించే 8 వేయాలా అని అడిగారు కదండీ. హెచ్-ఇండెక్స్ 14 అంటే, ఒక్కోదానికి కనీసం 14 సైటేషన్లు (ఇతర రచనల్లో ప్రస్తావనలు) వచ్చిన పేపర్లు 14 ఉన్నాయని. రెండూ తప్పు కాదు, లెక్కపెట్టే చోటు వేరు, అంతే. గూగుల్ స్కాలర్ థీసిస్‌లు, ప్రీప్రింట్లు (జర్నల్‌లో రాకముందే బయటపెట్టిన పేపర్లు), ఏదో కాలేజీ సైట్‌లో పడున్న పీడీఎఫ్‌లలోని సైటేషన్లు కూడా కలిపేసుకుంటుంది, స్కోపస్ మాత్రం తను ఎంపిక చేసుకున్న జర్నళ్లు, కాన్ఫరెన్సులు, పుస్తకాల వరకే చూస్తుంది.

అయినా 6 తేడా అంటే నాకు మీ పేరు మీదే అనుమానం. మనవాళ్ల ఇంటిపేరు ఒక పేపర్లో ముందు, ఇంకోదాంట్లో వెనక, మరోచోట ఉత్త ఇనీషియల్, దాంతో స్కోపస్ ఒక్క మనిషినే ఇద్దరు ముగ్గురుగా విడగొట్టేస్తుంది. ఆథర్ సెర్చ్‌లో పేరు అన్ని రకాలుగా కొట్టి చూడండి. వేరే ప్రొఫైళ్లు దొరికితే కలపమని అక్కడే రిక్వెస్ట్ పెట్టొచ్చు, ఉచితమే. పేరు ఎలా రాసినా ఆ పరిశోధకుడు మీరే అని గుర్తుపట్టే 16 అంకెల ఆర్కిడ్ (ORCID) ఐడీ లేకపోతే ఇవాళే తీసుకోండి.

స్కాలర్‌లో మీ పేరే ఉన్న ఇంకెవరివో పేపర్లు చేరి ఉంటే తీసేయండి, కమిటీ ముందు అది బయటపడితే పరువు పోతుంది.

నోటిఫికేషన్‌లో ఏ డేటాబేస్ అడిగితే ఆ అంకె వేయండి. ఏమీ చెప్పకపోతే రెండూ రాసి, పక్కన చూసిన తేదీ వేయండి.